చూసే ఆట సరే.. ఆడే ఆట ఏదీ?

ఉప్పల్‌: రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ క్రికెట్‌ మైదానంలో మ్యాచ్‌ ఉందంటే చాలు, ఉప్పల్‌ దారులన్నీ కుటుంబాలతో కిటకిటలాడతాయి. తండ్రి భుజాలపై పసివాడు, తల్లి చేతిలో జెండా. 2005 నవంబరు 16న భారత్‌-దక్షిణాఫ్రికా వన్డేతో అంతర్జాతీయ పటంలోకెక్కిన ఈ మైదానం ఈ ప్రాంతానికి పేరు తెచ్చింది. మర్నాడు అదే పిల్లవాడు బ్యాటు పట్టుకొని వీధిలోకి వస్తే మాత్రం ‘బండ్లొస్తున్నాయి, లోపలికి రా’ అనే కేక వినిపిస్తుంది.

ఆ కేకను తప్పు పట్టలేం. ఒకవైపు వరంగల్‌ జాతీయ రహదారి, మరోవైపు నాచారం పారిశ్రామికవాడకు తిరిగే లారీలు. ఉప్పల్‌-నారపల్లి ఎలివేటెడ్‌ కారిడార్‌ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఉప్పల్‌ కూడలిలో రోడ్డు దాటడం పెద్దలకే కష్టం కావడంతో ఏకంగా ఆకాశ వంతెన కట్టి 2023 జూన్‌లో ప్రారంభించాల్సి వచ్చింది. ఇక పదేళ్ల పిల్లవాణ్ని ఒంటరిగా ఆటకు పంపేదెవరు? పెద్దలు వెంట వెళ్తే తప్ప ఇక్కడి పిల్లలకు ఆట లేదు.

5 నుంచి 17 ఏళ్ల వారు రోజుకు సగటున 60 నిమిషాలైనా చెమట పట్టేలా ఆడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 146 దేశాల్లో 16 లక్షల మంది విద్యార్థుల సమాచారంతో ఆ సంస్థ నిపుణులు చేసిన అధ్యయనం 2019 నవంబరులో వెలువడింది. 11-17 ఏళ్ల వారిలో 81 శాతం మందికి ఆ మాత్రం కదలిక లేదని అది తేల్చింది. భారత్‌లో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురిది అదే పరిస్థితి. ప్రపంచ సగటు కన్నా మనం కాస్త మెరుగే. అందుకు ఆ నిపుణులు ఊహించిన కారణాలు ఆలోచింపజేస్తాయి. మగపిల్లలకు క్రికెట్‌, ఆడపిల్లలకు ఇంటిచాకిరీ!

అంటే తమ్ముడు బంతి వెంట పరుగెడితే అక్క బిందె మోస్తోంది. లెక్కల్లో ఇద్దరిదీ శారీరక శ్రమే. ఒకరిది ఆట, మరొకరిది పని. కుటుంబమంతా కదలాలనుకునే ఇల్లు ముందుగా సరిచేసుకోవాల్సింది ఈ తేడానే. సాయంత్రం అంట్లు తోమడంలో కొడుకూ చెయ్యి వేస్తే కూతురికి అరగంట ఆటవిడుపు దొరుకుతుంది.

సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీరాజ్‌ కథ అందరికీ తెలిసిందే. పొద్దెక్కినా నిద్ర లేవని కూతురి బద్ధకం వదిలించాలని తండ్రి దొరైరాజ్‌, కుమారుడి క్రికెట్‌ శిక్షణకు ఆమెనూ వెంటబెట్టుకెళ్లారు. భారత కెప్టెన్‌ను చేయాలని ఆయన బయలుదేరలేదు, పొద్దున్నే లేపాలనుకున్నారు, అంతే. ఇప్పుడు చాలామంది తల్లిదండ్రులది తిరగబడ్డ వరస. అకాడమీకి ఫీజు కట్టి, పిల్లవాణ్ని గేటు వద్ద దింపి, తాము బండిపైనే కూర్చుని సెల్‌ఫోన్‌ చూసుకుంటారు.

నాచారానికి పొరుగునే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో తిండితోపాటు క్రమబద్ధమైన వ్యాయామాన్నీ చేర్చింది. మధుమేహంలో రెండో రకాన్ని మంచి ఆహారం, శారీరక శ్రమలతో 80 శాతం వరకు నివారించవచ్చని పేర్కొంది. ఈ మాట పిల్లలకెంతో తల్లిదండ్రులకూ అంతే.

షిఫ్టుల్లో పనిచేసే కార్మిక కుటుంబాలకు రోజూ గంట కేటాయించడం కుదరకపోవచ్చు. బడికి నడిపించి తీసుకెళ్లడం, మేడ మెట్లెక్కడం, ఆదివారం చిర్రగోనె, తొక్కుడుబిళ్ల నేర్పడం.. వీటికి పైసా ఖర్చు లేదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ అమ్మమ్మ నుంచి మనవరాలి వరకు గంటల తరబడి చప్పట్లు కొడుతూ తిరుగుతూనే ఉంటారు కదా! దాన్ని ఎవరూ వ్యాయామమని పిలవరు.

స్థలం సమస్య మాత్రం ఇంట్లో తీరేది కాదు. ప్రతి పాఠశాలకూ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఉన్న మైదానాలను సాయంత్రాలు, సెలవు దినాల్లో కాలనీ కుటుంబాలకు తెరవాలంటే కావలసింది ఒక కాపలాదారు, నాలుగు దీపాలు, గేటు తాళంచెవి ఎవరి వద్ద ఉండాలన్న ఒక నిర్ణయం.