పల్లె ఊపిరి ఏ కేటగిరీ?

బొగ్గుల ఉన్న గంధకాన్ని ప్లాస్మాతోని తీసే పద్ధతి ఒకటున్నది. గ్యాసుకు బలమైన కరెంటు పెడితే అణువులు చీలి ప్లాస్మా అయితది. మెరుపు గూడ అదే. బొగ్గును కడిగితే రాయి లెక్క ఉన్న గంధకం కొంత పోతది గని, బొగ్గుతోనే ముడిపడ్డది పోదు. ఆ ముడి విప్పాలెననే ఈ ప్రయోగాలు. మంచిదే. కానీ మస్తు కరెంటు తాగుతది, ఇంకా ల్యాబు దాటి పవర్ ప్లాంటు గేటు దాకా రాలే.

నా ప్రశ్న వేరే. గేటు దాకా వచ్చిన మిషిన్‌ను ఎందుకు వద్దంటున్రు?

దాని పేరు ఎఫ్‌జీడీ. పొగ చిమ్నీ ఎక్కకముందే సున్నపురాయి కలిపిన నీళ్లు చల్లుతరు. గంధకపు గ్యాసు అండ్ల చిక్కి జిప్సం అయితది. 2015 డిసెంబర్‌ల కేంద్ర పర్యావరణ శాఖ ఈ గ్యాసుకు హద్దు పెట్టి, రెండేండ్ల గడువిచ్చింది. ఆ గడువును జరుపుకుంట జరుపుకుంట వచ్చి, 2025 జులైల కొత్త నోటిఫికేషన్ తెచ్చిన్రు. ఢిల్లీ ఇలాకాకు, 10 లక్షల జనం దాటిన నగరాలకు 10 కిలోమీటర్ల లోపలున్న ప్లాంట్లు కేటగిరీ ఏ. అవి 2027 ఆఖరుకల్ల హద్దు పాటించాలె. కాలుష్యం ముదిరిన జాగల పక్కనున్నయి బీ. వాటిని ఒక్కొక్కటి చూసి చెప్తరట. మిగిలినయన్నీ సీ. చిమ్నీ ఎత్తు సరిపోతే చాలు, హద్దు వర్తించదు. దేశంల ముప్పావు వంతుకు పైగా ప్లాంట్లు ఈ సీలనే ఉన్నయ్.

మన బొగ్గుల గంధకం అర శాతమే, గాలిల గ్యాసు ఎక్కువ లేదు, మిషిన్లు పెడితే ఖర్చు అంటున్నది సర్కారు. అర శాతమనే లెక్కేద్దాం. టన్ను బొగ్గుల 5 కిలోల గంధకం. కాలితే ఆక్సిజన్ కలిసి దగ్గరదగ్గర 10 కిలోల గ్యాసు. రోజుకు 10 వేల టన్నులు కాల్చే ప్లాంటుకు 100 టన్నులు! అది గ్యాసుగనే ఉండదు. గాలిల సన్నటి రేణువులై వందల కిలోమీటర్లు పోతది, ఊపిరితిత్తుల లోతుకు దిగుతది. గ్యాసు ఒక్కటే కొలిచి అంతా మంచిగుందంటే ఎట్ల? చిమ్నీ ఎత్తు పెంచితే గంధకం తగ్గదు, దూరం పోతది, అంతే.

ఖర్చంటరా? ఇప్పుడు గూడ కడుతున్నం. కరెంటు బిల్లుల గాదు, దవాఖానల.

పాల్వంచ, మణుగూరు, రామగుండం, దామరచర్ల తమ్ముండ్లూ చెల్లెండ్లూ! మీ పక్క ప్లాంటు ఏ కేటగిరీల ఉన్నదో ఆర్టీఐ పెట్టి అడుగుండ్రి. చిమ్నీ మీటరు రీడింగులు అడుగుండ్రి. బొగ్గు మన భూమిల నుంచే తీస్తున్రు, బూడిద మన మీదనే పోస్తున్రు. ఊర్ల 10 లక్షల మంది లేరని మన ఊపిరిని లెక్కల నుంచి తీసేస్తమంటే ఊకోవద్దు.