దూరపు పరుగు - బాలికల దేహబలము

42.195 కిలోమీటర్ల మారథాను పందెము ఒలింపిక్ క్రీడలలో 1984 వరకు స్త్రీలకు లేకుండెను. ఆ యేట లాస్ ఏంజెలిస్ నగరమున అమెరికా వనిత జోన్ బెనోయిట్ మొదటి విజయమును పొందెను. నేడు మన యిండ్లలోని బాలికలును తెల్లవారుజామున లేచి దూరపు పరుగు నభ్యసించుచున్నారు. వారికి ఏమి కొని యిచ్చిన మేలని తల్లులు ఆలోచించుచున్నారు. కావున ఈ నెల ఆ సంగతి ముచ్చటింప దలచినాము.

మొదటిది పాదరక్ష. మెత్తని నురుగు అడుగును, అందు గట్టి కార్బన్ పలకయు గల జోళ్లను అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమువారు పరీక్షించి 2017లో ఫలితము ప్రకటించిరి. ఒకే వేగమున పరుగెత్తుటకు ఇతర జోళ్లకంటె వీనితో నూటికి సుమారు 4 పాళ్లు తక్కువ శక్తి వ్యయమయ్యెను.

రెండవది బీట్‌రూట్ రసము. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారు 2009లో ప్రకటించిన పరీక్షలో, దినమునకు అర లీటరు చొప్పున ఈ రసము త్రాగినవారు వ్యాయామపు సైకిలుపై అలసిపోక మరికొంతసేపు నిలిచిరి. అందలి నైట్రేటు ఇందులకు కారణమని తలంచిరి.

అయితే ఒక సంగతి గమనింపవలెను. జోళ్ల పరీక్షలో పాల్గొన్న 18 మందియు, రసపు పరీక్షలో పాల్గొన్న 8 మందియు పురుషులే! తరువాత స్త్రీలతోను పరీక్షలు జరిగినవి గాని అవి తక్కువ. అన్నకు కొలిచి కుట్టిన చొక్కా చెల్లెలికి సరిపోవునని నమ్మవచ్చునా?

స్త్రీలతోనే జరిగిన పరీక్ష యొకటి గలదు. రక్తహీనత లేకున్నను దేహమున ఇనుపధాతువు నిల్వలు తరిగిన 42 మంది యువతులను అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు పరీక్షించి 2000లో ప్రకటించిరి. కొందరికి 6 వారములు ఇనుము మాత్రలను, తక్కినవారికి మందు లేని మాత్రలను ఇచ్చిరి. వ్యాయామమువలన ఇరు పక్షములును బలపడినవి గాని, ఇనుము పుచ్చుకొన్నవారు 15 కిలోమీటర్ల సైకిలు పరీక్షలో ఎక్కువ మెరుగుపడిరి. ప్రాణవాయువును కండరములకు మోయునది రక్తములోని హీమోగ్లోబిన్. దానికి ఇనుము అవసరము. నెలనెలకు రక్తము పోవుటచే స్త్రీలకు ఈ కొరత సులభముగా కలుగును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కానవచ్చెను.

కావున బిడ్డ తరచు అలసితినన్నచో, విలువగల జోళ్లును పొడుల డబ్బాలును కొనకమునుపు హీమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్షలు చేయింపుడు. కొరత లేనిదే మాత్రలు మ్రింగరాదు. అధికమైన ఇనుము హాని చేయును. పప్పు, ఆకుకూరలతో నిమ్మరసమునో ఉసిరికనో చేర్చిన అందలి ఇనుము బాగుగా ఒంటబట్టును. అన్నము తినినవెంటనే కాఫీ, తేనీరులు త్రాగుట దానికి ఆటంకము.

ఇంకొక మాట. పరుగెత్తు బాలికకు ముట్టు నిలిచినచో శ్రమవలన సహజమేయని ఊరకుండరాదు. శ్రమకు తగిన తిండి చాలకున్నదనుటకు అది గురుతు కావచ్చును. వెంటనే వైద్యురాలికి చూపి, బిడ్డ కంచమున మరి రెండు ముద్దలు వడ్డింపుడు.