చెరువుకి మేత ఒక్కటే చాలదు

పోయిన డిసెంబర్లో మా బాబాయ్ కొడుకు సెలవులకి భీమవరం వచ్చాడు. ఆర్మీ ఆఫీసర్ కావడానికి ట్రైనింగ్‌లో ఉన్నాడు. వాడి పేరు గానీ, అకాడమీ పేరు గానీ ఇక్కడ రాయనని నా చేత ఒట్టేయించుకున్నాడు లెండి. వచ్చిన రోజు పిన్ని రొయ్యల వేపుడు చేసింది. రెండు ముద్దలు తిన్నాడో లేదో, కంచంలో చెయ్యి ఉండగానే కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. అందరూ నవ్వారు. నాకెందుకో నవ్వు రాలేదు.

సాయంత్రం చెరువు గట్టు మీద అసలు సంగతి చెప్పాడు. "పరుగులో వెనకబడుతున్నానని చదువు తగ్గించా అన్నయ్యా. తర్వాత మ్యాథ్స్‌లో వెనకబడ్డానని నిద్ర తగ్గించా. ఇప్పుడు మూడూ పోయేలా ఉన్నాయి."

మన దగ్గర చాలామందికి ఆఫీసర్ ట్రైనింగ్ అనగానే పరుగు, పరేడ్, తుపాకీ గుర్తొస్తాయి. చదువు కూడా అంతే ఉంటుంది. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీనే తీసుకోండి. మూడేళ్లు, ఆరు టర్మ్‌లు. ఇచ్చే డిగ్రీ ఢిల్లీ జేఎన్‌యూది. పొద్దున డ్రిల్లు, పీటీ, తర్వాత క్లాసులు, సాయంత్రం ఆటలు, రాత్రి మళ్లీ చదువు. ఒక విదేశీ భాష కూడా నేర్చుకోవాలి. చదువులో తప్పినా, ఫిజికల్ టెస్టుల్లో తప్పినా రెలిగేషన్ తప్పకపోవచ్చు. అంటే ఒక టర్మ్ వెనక్కి. తోటివాళ్లు ముందుకెళ్లిపోతే, జూనియర్లతో కలిసి ఆ ఆరు నెలలూ మళ్లీ చెయ్యాలి. ఆర్మీకి ఎంపికైనవాళ్లకి ఆ మూడేళ్ల తర్వాత డెహ్రాడూన్‌లో ఇంకో ఏడాది ఉంటుంది.

విచిత్రం ఏంటంటే, లోపలికెళ్లే దారిలో ఈ బరువు కనిపించదు. ఎన్‌డీఏ రాత పరీక్షలో మ్యాథ్స్‌కి 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. ఆపైన ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి 900. పరుగుకి విడిగా మార్కులేం లేవు. అందుకే ఇంటర్‌లో పుస్తకం వదలని కుర్రాడు లోపలికెళ్లాక పరుగు దగ్గర తడబడతాడు. గ్రౌండ్ వదలని కుర్రాడు క్లాసు దగ్గర తడబడతాడు. ఇద్దరూ ముందు కోసుకునేది నిద్రనే.

మా బాబాయ్‌కి ఈ కోర్సుల గొడవేం తెలీదు. ముప్పై ఏళ్లుగా చెరువులు చేస్తున్నాడు. కొడుకు మాటలన్నీ విని ఏరేటర్ల వైపు చూపించాడు. "మేత ఎక్కువేస్తే రొయ్య పెరగదురా. తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోద్ది. అప్పుడు ఏరేటర్ ఆపావనుకో, అన్నాళ్లు వేసిన మేతా దండగే. నీకు ఆ ఆక్సిజన్ నిద్ర."

నాకు చురుక్కుమంది. రాత్రి రెండింటికి నేను సరిచేసిన కోడ్‌ని పొద్దున పదింటికి మళ్లీ నేనే సరిచేసిన రోజులు ఎన్నో. పగలు నేర్చుకున్న పాఠం మెదడులో కుదురుకునేదీ, పగలు అలిసిన కండరం కోలుకునేదీ ఆ నిద్రలోనే. అమెరికా సైన్యం 2020లో తెచ్చిన ఫిట్‌నెస్ మాన్యువల్లో ఐదు అంశాలుంటే, వ్యాయామం, తిండితో పాటు నిద్ర కూడా ఒకటి. సైన్యమే నిద్రని శిక్షణలో భాగమంటుంటే, మనోడు దాన్ని బద్ధకం అనుకుంటున్నాడు.

ఆ రాత్రి ముగ్గురం కూర్చుని వాడి రోజుని కాగితం మీద పెట్టాం. డ్రిల్లు, క్లాసులు వాడి చేతిలో లేవు. చేతిలో ఉన్నవి మూడే. రాత్రి చదువు గంటల్లో ముందు కష్టమైన సబ్జెక్టు పట్టుకోవడం. లైట్లు ఆర్పాక దుప్పట్లో టార్చి వెలిగించకపోవడం. ఆదివారం వారానికి సరిపడా వెనకబాటు చూసుకోవడం. బాబాయ్ దానికి "చెక్ ట్రే" అని పేరు పెట్టాడు. మేత మిగిలిందో లేదో ట్రే ఎత్తి చూసుకున్నట్టు అన్నమాట.

నాలుగోది వాడే చివర్లో బయటపెట్టాడు. రెండు నెలలుగా ముంజెంగ ఎముకలో నొప్పి. చెప్తే వెనక్కేస్తారని ఎవరికీ చెప్పలేదట. పిన్ని మొహం పాలిపోయింది. ఆ నొప్పిని అలాగే పరిగెత్తిస్తే ఎముకకి పగులు రావచ్చు. ట్రైనింగ్‌లో గాయపడి ఇంటికొచ్చేసిన క్యాడెట్ల కష్టాల మీద 2025 ఆగస్టులో సుప్రీంకోర్టే తనంతట తాను కేసు తీసుకుంది. 1985 నుంచి అలాంటివాళ్లు దాదాపు 500 మంది ఉంటారని పత్రికల్లో వచ్చింది. ఒక టర్మ్ పోతే ఆరు నెలలు పోతాయి. కాలు పోతే యూనిఫామే పోతుంది. ఇది వాడికి చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు గానీ చెప్పాను. మర్నాడే డాక్టర్ దగ్గరికెళ్లాం. పగులు లేదు, మూడు వారాలు పరుగు ఆపాలన్నారు. ఆ కాగితం తీసుకెళ్లి అకాడమీ డాక్టర్‌కి చూపిస్తానని ఒప్పుకున్నాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి కుర్రాడో అమ్మాయో ఉండొచ్చు. ఎన్‌డీఏలో అమ్మాయిల మొదటి బ్యాచ్, 17 మంది, 2025 మేలో పాసయ్యారు కూడా. ఫోన్ చేసినప్పుడు మనం అడిగేవి రెండే: మార్కులెన్ని, పరుగెంతలో. బాబాయ్ ఇప్పుడు ఆ రెండూ అడగట్లేదు. ఆదివారం ఫోన్ రాగానే, "రాత్రి ఎన్నింటికి పడుకున్నావురా? కాలు ఎలా ఉంది?" అంటున్నాడు. వాడు రెలిగేట్ అవుతాడో లేదో ఇంకా తెలీదు. ఫోన్లో మాత్రం, ఈమధ్య ఆవలింతలు వినబడట్లేదని పిన్ని అంటోంది.