రికార్డులో లేని పేజీ

మా బీఎస్సీ ల్యాబ్‌లో పిపెట్‌ను నోటితోనే పీల్చేవాళ్లం. హైపో టైట్రేషన్ రోజున 20 మి.లీ. పొటాషియం డైక్రోమేట్ తీసుకోబోతుంటే ద్రావణం గీత దాటి నా నాలుకకు తగిలింది. నోరు పుక్కిలించుకుని వచ్చి ప్రయోగం ముగించాను. రీడింగులు కలిశాయి, రికార్డులో సంతకం పడింది. అందులోని క్రోమియం క్యాన్సర్ కారకమని చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు తెలియలేదు.

రికార్డులో ఉద్దేశం, సూత్రం, విధానం, పట్టిక, ఫలితం అన్నీ రాశాం. ఈ సీసాతో ప్రమాదమేమిటో రాయమని ఎవరూ అడగలేదు. వైవాలో స్టార్చ్ ఎప్పుడు కలపాలన్నారే తప్ప, ఆమ్లం కంట్లో పడితే ఏంచేస్తావని అడగలేదు. సాల్ట్ అనాలిసిస్‌లో కుళ్లిన గుడ్ల వాసన తగ్గితే గ్యాస్ పోయిందని ఊపిరి పీల్చుకునేవాళ్లం. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత పెరిగితే ముక్కే మొద్దుబారుతుంది, వాసన తెలియదు!

చదువు ఉన్నంత మాత్రాన జాగ్రత్త ఉండదు. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2008 డిసెంబరు 29న 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలు టెర్ట్ బ్యూటైల్ లిథియంను ప్లాస్టిక్ సిరంజిలోకి లాగుతుండగా ప్లంజర్ ఊడివచ్చింది. గాలి తగిలితే చాలు మండే పదార్థమది. ఒంటిమీద ల్యాబ్ కోటు లేదు, స్వెటర్ అంటుకుంది. 18 రోజులకు ఆమె చనిపోయింది. అక్కడ కోట్లు వేసుకోవడం లేదని రెండు నెలల ముందే తనిఖీలో తేలింది. తెలిసీ దిద్దుకోలేదు. ఆమె ప్రొఫెసర్‌పై క్రిమినల్ కేసు నడిచింది. అందుకే నేను విద్యార్థుల కన్నా ముందు రికార్డుల మీద సంతకం పెట్టే అధ్యాపకులనే అడుగుతాను.

మన ఎమ్మెస్సీ పిల్లల్లో ఎందరో జీడిమెట్లలోనో, పరవాడలోనో, అచ్యుతాపురంలోనో ఉన్న ఫార్మా కంపెనీల్లో చేరతారు. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో ద్రావణి లీకై పేలుడు జరిగి 17 మంది పోయారు. అలాంటిచోట తేడా కనిపించగానే పని ఆపమనే ధైర్యం ఉద్యోగంలో చేరాక కొత్తగా పుట్టదు, కాలేజీలోనే అలవాటు కావాలి.

ప్రతి ప్రయోగం ముందు రికార్డులో రెండు వాక్యాలు రాయించండి: ఈ రసాయనం ఏ హాని చేయగలదు, చేస్తే నేనేం చేయాలి. అవి లేకుంటే సంతకం పెట్టకండి. నోటితో పీల్చే పిల్లవాడి చేతికి రబ్బరు బల్బు ఇవ్వండి. కంట్లో ఆమ్లం పడితే కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగాలి. ఈ సోమవారం ప్రాక్టికల్స్‌కు ముందు మీ ల్యాబ్‌లో కుళాయి తిప్పి, అంతసేపు నీళ్లు వస్తాయో లేదో గడియారం పెట్టి చూడండి.