మిక్సీ ప్లగ్గు, పదమూడు ఆంపియర్ల ఫ్యూజు

బ్రిటన్ వచ్చే మనవాళ్ళ సూట్‌కేసుల్లో ఆవకాయ తరవాతి స్థానం మిక్సీదే. వోల్టేజీతో పేచీ లేదు. అక్కడా ఇక్కడా 230 వోల్టులే, 50 హెర్ట్జులే. తంటా అంతా గోడకున్న మూడు కన్నాలతోనే. దీనికి మనవాళ్ళు చేసే వైద్యం కూడా నాకు తెలుసు. చవక ఎడాప్టరొకటి తగిలించి, అది వేలాడుతూ వేడెక్కుతున్నా ఏళ్ళ తరబడి పప్పు రుబ్బేస్తారు. రెండు పిన్నుల చార్జరయితే ఎర్తు కన్నంలో స్పూను కాడ దూర్చి లోపలి మూతలు తెరిచే మహానుభావులూ ఉన్నారు. ప్రొడక్షన్ సర్వర్లో ఒక్క లైను మార్చడానికి ముగ్గురి అనుమతి అడిగేది కూడా మనమే!

ఎప్పటికీ ఇక్కడే వాడబోయే వస్తువుకి ఎడాప్టరు మానేసి ప్లగ్గే మార్చాలని నా అభిప్రాయం. పది నిమిషాల పని. అయితే అందులో ఒక నిర్ణయం ఉంది, దాన్ని చాలామంది గమనించరు.

మన ఇళ్ళల్లోని గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు ఒకప్పటి బ్రిటిష్ నమూనాయే. మనకి స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే వాళ్ళు పలక పిన్నుల ప్లగ్గుకి కొత్త ప్రమాణం తెచ్చారు. పిన్నుల ఆకారంతో పాటు ఇంటి వైరింగు పద్ధతి కూడా మారింది. ఇక్కడ చాలా ఇళ్ళల్లో సాకెట్లన్నీ ఒకే రింగు మీద ఉంటాయి, దానికి 32 ఆంపియర్ల బ్రేకరు. మిక్సీకున్న సన్నటి తీగ మోయగలిగేది ఏ ఆరు ఆంపియర్లో. తీగ దెబ్బతిని పదిహేను ఆంపియర్లు లాగుతున్నా బ్రేకరుకి చీమ కుట్టినట్టయినా ఉండదు, ఈలోగా తీగ కాలిపోతుంది. ఆ తీగని కాపాడటానికే ప్లగ్గులో ఫ్యూజు పెట్టారు. మన దేశపు ప్లగ్గులో అది ఉండదు కనక మనకి ఆ ఆలోచనే రాదు.

షాపులో కొన్న కొత్త ప్లగ్గులో సాధారణంగా 13 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. దాన్ని అలాగే వదిలేయడమంటే డిఫాల్టు పాస్‌వర్డు మార్చకుండా వదిలేయడమే. లెక్క సులువు, వాట్లని 230తో భాగించండి. 150 వాట్ల గ్రైండరుకి ఒక ఆంపియరు కూడా రాదు, 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. 750 వాట్ల మిక్సీకి 3.3 వస్తుంది, 5 ఆంపియర్లది పెట్టండి. రెండువేల వాట్ల హీటరుకి మాత్రం 13 కావలసిందే.

ఇక బిగించే పద్ధతి. ముందు గోడనుంచి తీగ తీసేయండి. ప్లగ్గు మూత విప్పి, పిన్నులు అవతలివైపుకీ ఎర్తు పిన్ను పైకీ ఉండేలా పట్టుకోండి. గోధుమరంగు తీగ కుడివైపు ఫ్యూజు దగ్గరికి, నీలం ఎడమవైపుకి, ఆకుపచ్చ-పసుపు పైకి. పాత తీగల్లో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ ఉంటే అదే వరస. రంగుల మీద అనుమానం ఉంటే, కోసే ముందు ఏ పిన్ను ఏ తీగకి వెళుతోందో మల్టీమీటరుతో చూసుకోండి. ఎర్తు తీగని కాస్త పొడుగ్గా వదలండి, ఎవరైనా లాగినా ఆఖరున ఊడేది అదే కావాలి. ఒక్క పోగు కూడా బయటికి పొడుచుకు రాకూడదు. క్లాంపు పట్టుకోవలసింది తీగ పై తొడుగుని, లోపలి సన్న తీగల్ని కాదు. మూత పెట్టాక ఒకసారి లాగి చూడండి.

తీగ పగిలి ఉంటే ప్లగ్గు మార్చి లాభంలేదు, ఎలక్ట్రీషియనుకి చూపించండి. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఈ వైద్యం అసలు పనికిరాదు. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జులు. అక్కడి కరెంటుకి తయారైన మిక్సీ కొనుక్కోవడమే మేలు.

బ్రిటన్‌లో 1994 నాటి నిబంధనల ప్రకారం ఇంటి సామాను ప్లగ్గు బిగించే అమ్మాలి. మంచి చట్టమే. కానీ దానివల్ల ప్లగ్గు విప్పి చూసే అవసరం ఇక్కడివాళ్ళకీ తగ్గిపోయింది. మనకి ఆ అవసరం ఇంకా ఉంది. చివరగా ఒక్క మాట. పాత ప్లగ్గుని కోసేశాక పిన్నులు వంచి చెత్తబుట్టలో వేయండి. పిల్లలు దాన్ని ఇంట్లోని ఎడాప్టరులో గుచ్చితే, తెగిన కొసలో 230 వోల్టులుంటాయి.