ఇథనాల్ ఎవరికి హరితం?



"పర్యావరణం పెద్దోళ్ల ముచ్చట, మనకెందుకన్నా?" అని మన విద్యార్థులే అడుగుతున్నరు. అందుకే ధర్మపురి గోదావరి ఒడ్డు నుంచి ఇయ్యాల ఇథనాల్ గురించి రాస్తున్న.

పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని కేంద్రం 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపింది. 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ జీ20 సభలో భారత్, అమెరికా, బ్రెజిల్ ముందుండి ప్రపంచ జీవ ఇంధన కూటమిని ప్రకటించినయి. చమురు దిగుమతి తగ్గుతది, పొగ తగ్గుతది అన్నరు. దానికి చెరుకు ఒక్కటే చాలదు. బియ్యం, నూకలు, మక్కలు కావాలె. అందుకే ఫ్యాక్టరీల చూపు వరి పండే మన ఊళ్ల మీద పడ్డది.

అదే 2023లో మన ధర్మపురి నియోజకవర్గంలోని వెల్గటూరు మండలం స్తంభంపల్లి, పాశిగామ జనం ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కిన్రు. 2024 నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం జాతీయ రహదారి మీద కూసున్నరు. పనులు ఆపమని అధికారులు చెప్పక తప్పలేదు.

అభివృద్ధికి అడ్డం పడుతున్నరని వీళ్లను తిట్టేటోళ్లకు ఒక్కటే ప్రశ్న. వీళ్లను ముందుగా అడిగిందెవరు? 2021 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ, పెట్రోల్‌లో కలిపేందుకే ధాన్యంతో ఇథనాల్ తీసే, మురుగునీరు బయటికి వదలని ఫ్యాక్టరీలను బీ2 తరగతిలో చేర్చింది. బీ2 అంటే ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఒక్క నోటిఫికేషన్‌తో ఊరి నోరు మూసిన్రు.

ఇక తిండి సంగతి. ధరలు పెరుగుతున్నయని 2023 జులైలో ఇథనాల్‌కు బియ్యం ఇచ్చుడు ఎఫ్‌సీఐ ఆపింది. 2024 ఆగస్టులో 23 లక్షల టన్నుల దాకా మళ్ల తలుపు తెరిచిన్రు. మిగులు బియ్యమేనట! కొత్త రేషన్ కార్డు కోసం ఏండ్లకేండ్లు ఎదురుచూసిన మన వాడల్లో ఆ మిగులు ఎవరికి కనబడ్డది?

భూమి ఉన్న రైతు ధర మాట్లాడతడు, పరిహారం అడుగుతడు. భూమి లేని మాల, మాదిగ కూలికి పట్టా లేదు, పరిహారమూ లేదు. బోరు నీళ్లు చెడిపోతే డబ్బా నీళ్లు కొనలేక అవే తాగేది వాడ. నీళ్లు ఎవరివని బాబాసాహెబ్ 1927లో మహద్ చెరువు కాడ తేల్చి చెప్పిండు. ఆ ప్రశ్న ఇయ్యాల ఫ్యాక్టరీ గేటు కాడికి వచ్చింది.

భూమి వేడెక్కుడు ఆగాలని అందరికంటే ముందు కోరాల్సింది మనమే. ఎండల్లో ఉపాధి హామీ పనికి పోయి వడదెబ్బకు పడిపోయేది మనోళ్లే. మార్పు రావాలె. అది మనల్ని అడిగి రావాలె, మన కంచం నింపినంకనే ట్యాంకు నింపాలె.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ ఊరి పక్కన ఫ్యాక్టరీ వస్తుంటే పర్యావరణ అనుమతి కాపీని ఆర్టీఐ కింద అడగండి. తెలుగు చేసి వాడలో చదివి వినిపియ్యండి. కొట్లాట అక్కడ మొదలైతది.