పాలమూరు తండ్రికి పట్నం బాకీ

‘పాలమూరు లేబరు’ అన్న మాట వినని తెలుగువారు అరుదు. నాగార్జునసాగరం మొదలుకొని దేశంలోని ఎన్నో ప్రాజెక్టుల మట్టి మోసినవారు మా జనులు. ఒక జిల్లా పేరు కూలికి పర్యాయపదం కావడం నిఘంటుకారులకు వింత కావచ్చును. కల్వకుర్తిలో పుట్టి, అక్కడే తెలుగు పాఠాలు చెప్పి విశ్రమించిన నాకు మాత్రం అది అవమానం.

మిత్రులారా! ఆ అవమానం కంటె నన్ను ఎక్కువగా నొప్పించేది మన సాహిత్యలోకపు జాలి. వలస అనగానే ఎండిన చెరువు, తాళం పడిన ఇల్లు, ముసలితల్లి కన్నీరు. ఇంతటితో మన కవిత్వం కృతార్థమవుతున్నది. జాలిపడేవాడు లెక్క అడుగడు. నేను లెక్కే అడుగుతున్నాను.

మేస్త్రీ చేతి అడ్వాన్సు పుచ్చుకొని బయలుదేరిన తండ్రి, పార పట్టకముందే అప్పులవాడవుతాడు. ఇక కూలి ఎంత అని అడిగే నోరు అతనికి ఎక్కడిది? అప్పుకు మనిషిని కట్టివేసే ఇటువంటి బంధాన్ని 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టమే నిషేధించినది. ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కార్మికుల వ్యాజ్యంలో 1982లో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసినది. కనీస వేతనం కంటె తక్కువకు పని చేయించుకొనడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరియే అన్నది. ఆకలి తెచ్చిన ఒప్పుకోలు ఒప్పుకోలు కాదని దాని సారం.

‘ఊరిలో కంటె పట్నంలో కూలి ఎక్కువే కదా’ అనే విజ్ఞులు కద్దు. అయ్యా, ఎక్కువ దొరకడానికీ, న్యాయంగా దొరకడానికీ భేదం లేదా?

మరొక విడ్డూరం చూడండి. 1979 నాటి వలస కార్మికుల చట్టం రాష్ట్రపు ఎల్లలు దాటినవారికే వర్తించినది. ఆ చట్టాన్ని తనలో కలుపుకొన్న 2020 నాటి స్మృతి కూడా ‘అంతర్రాష్ట్ర’ అన్న విశేషణాన్ని విడువలేదు. కల్వకుర్తి నుండి సుమారు 80 కిలోమీటర్లు నడచి హైదరాబాదు చేరినవాడు ఈ లెక్కన వలసకూలీయే కాడు! ఒక్క విశేషణం ఎన్ని సంసారాలను చట్టం వెలుపల నిలిపినదో వైయాకరణులు గమనింతురు గాక.

నిర్మాణ కార్మికుల కొరకు 1996లో వచ్చిన చట్టం సంక్షేమ మండలులకు దారి చూపినది. కట్టడాల వ్యయంపై సెస్సు వసూలు చేసి, ఆ నిధితో ప్రమాద సహాయం, ప్రసూతి సహాయం, పిల్లల చదువుకు సహాయం అందించాలన్నది. అయితే పేరు నమోదుకు ఏడాదిలో 90 దినాలు పని చేసియుండాలి. తెల్లవారుజామున అడ్డా మీద నిలిచి, దినానికొక యజమాని వద్ద పనిచేసేవాడు ఆ దినాలకు సాక్ష్యం ఎక్కడి నుండి తేగలడు?

నా హాజరుపట్టీలో దసరా వెళ్ళగానే కొన్ని పేర్లకు ఎదురుగా వరుసగా సున్నలు పడేవి. తల్లిదండ్రుల వెంట ఇసుక కుప్పల నడుమకు వెళ్ళిన పిల్లలు వారు. తండ్రి కూలిచీటీ లేకపోవడం బిడ్డ చదువు లేకపోవడమేనని ఆ సున్నలే నాకు బోధించినవి.

కనుక వలసపై వ్రాసే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంటి గోడ కట్టినవానికి, అతడు పనిచేసిన దినాలూ ఇచ్చిన కూలీ కాగితంపై వ్రాసి, సంతకం చేసి ఇవ్వండి. పద్యం తరువాత వ్రాయవచ్చును.